ఇంట్లోనే కంప్యూటర్ రిపేరు - 4వ పాఠం: ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనా?

పోయిన పాఠంలో మల్టీమీటరుతో టార్చిలైటు సెల్లు, మొబైల్ ఛార్జరు కొలిచాం. ఇవాళ ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును కంప్యూటరుకు కావాల్సిన తక్కువ వోల్టుల డీసీగా మార్చే డబ్బా దగ్గరికి వద్దాం.

మొదలుపెట్టే ముందే చెబుతున్నాను, ఆ డబ్బా మూత మాత్రం విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కొంతసేపు అలాగే నిలిచి ఉంటుంది. మన పనంతా బయటికొచ్చే వైర్ల దగ్గరే.

సిస్టమ్ అసలు ఆన్ కావడం లేదనుకోండి. గోడ ప్లగ్గు, కేబులు, వెనక స్విచ్ సరిచూసి, మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టండి. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టరు పీకక్కర్లేదు. వైర్లు దిగే వైపు నుంచి ప్రోబు మొన మెల్లగా దూర్చండి. ఒకేసారి రెండు పిన్నులకు తగలనివ్వొద్దు. నల్ల ప్రోబు నల్ల వైరులో, ఎర్ర ప్రోబు ఊదా వైరులో. ఇక్కడ 5 వోల్టులు రావాలి. సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా ఈ వైరుకు కరెంటు వస్తూనే ఉంటుంది. సున్నా చూపిస్తే ప్లగ్గు తీసి, కనెక్టర్లన్నీ బోర్డు నుంచి పీకి, ప్లగ్గు తిరిగి పెట్టి మళ్లీ కొలవండి. అప్పుడూ సున్నానే అయితే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే. 5 వచ్చిందా, బోర్డులో ఎక్కడో షార్ట్ ఉండొచ్చు.

ఊదా బాగుంటే ఆకుపచ్చ వైరు చూడండి. అది ఒక్కటే ఉంటుంది, ఆన్ కమ్మని ఎస్‌ఎంపీఎస్‌కు బోర్డు చెప్పేది దీనితోనే. బటన్ నొక్కకముందు మామూలుగా 3 నుంచి 5 వోల్టుల మధ్య ఉంటుంది, నొక్కగానే సున్నా దగ్గరికి పడిపోవాలి. పడకపోతే బటన్‌నో బోర్డునో అనుమానించాలి. పడిపోయినా ఏదీ తిరగకపోతే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కావచ్చు, లేదా ఎక్కడో షార్ట్ వల్ల అది తనంతట తాను ఆగిపోతుండవచ్చు. బటన్ నొక్కుతూ మీటరులో ఆ అంకె పడిపోవడం ఒక్కసారి కళ్లారా చూడండి, ఈ వైరు పని ఇక మర్చిపోరు.

వైర్లన్నీ నల్లగా ఉండే ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఉన్నాయి. వాటికి పిన్నుల పటం పక్కన పెట్టుకోనిదే ప్రోబు ముట్టించకండి.

చాలామంది కనెక్టరు బయటికి తీసి, ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు పేపర్ క్లిప్పుతో కలిపి చూస్తారు. ఫ్యాన్ తిరగ్గానే బాగుందని తేల్చేస్తారు. నేనూ అలాగే తేల్చేశాను. మా ఇంట్లో సిస్టమ్ గేమ్ పెట్టిన పది నిమిషాలకే రీస్టార్ట్ అయ్యేది. క్లిప్పు పెడితే ఫ్యాన్ చక్కగా తిరిగింది, పసుపు వైరులో 12.1 చూపించింది. తప్పు బోర్డుదేనని కొత్తది కొన్నాను. రోగం తగ్గలేదు. చివరికి సిస్టమ్ నడుస్తుండగా, గేమ్ ఆడుతుండగా కొలిస్తే 12.1 కాస్తా 11.2కు దిగింది, ఆ వెంటనే స్క్రీన్ నల్లబడింది. క్లిప్పు పరీక్షలో ఎస్‌ఎంపీఎస్ మీద దాదాపు ఏ భారమూ పడదు, అందుకే ఆ 12.1ని నమ్మకూడదు. డబ్బు పోయింది సరే, అంతకంటే ఆ వారం రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి అసలు కొలత లోడు మీదే. 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. పసుపు వైరు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47. ఈ హద్దుల్లోనే ఉన్నా అంకె కుదురుగా ఉండకుండా ఊగుతుంటే నేనైతే నమ్మను.

ఇంటిపని: బాగా నడుస్తున్న సిస్టమ్‌లోనే ఈ మూడు రంగులూ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పెద్ద వీడియో ఎడిటింగో గేమో నడుస్తున్నప్పుడు ఒకసారి కొలిచి, తేదీతో రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో బూడిద రంగు వైరుతో మొదలుపెడదాం.