బొమ్మరింటికి టేకు పట్టీల నేల వేయడం ఎలా?

బొమ్మరిల్లు కట్టేవాళ్లు గోడలకు, కిటికీలకు పెట్టే శ్రద్ధలో సగం కూడా నేలకు పెట్టరు. చెక్క డిజైన్ అచ్చేసిన స్టిక్కర్ అంటించి ఊరుకుంటారు. నిజం చెక్కతో వేయడం పెద్ద కష్టమేం కాదు. బల్లార్షా, సిరోంచ, ఆసిఫాబాద్ వైపు ఉన్నవాళ్లకైతే సరుకు కోసం తిరగాల్సిన పని కూడా లేదు. 2023లో అయోధ్య గుడి తలుపులకు టేకు వెళ్లింది ఈ చంద్రపూర్, ఆలపల్లి అడవుల నుంచే. బొమ్మరింటికి అంత మంచి దుంగ అక్కర్లేదు. తలుపులు చేసే వడ్లాయన దగ్గర మిగిలిపోయిన టేకు వెనీర్ (కాగితంలా పలచగా కోసిన చెక్క పొర) ముక్కలు నాలుగు అడిగి తెచ్చుకుంటే చాలు.

కొలత ముందు

బొమ్మరిళ్లలో ఎక్కువగా వాడే కొలత 1:12. అంటే అసలు ఇంట్లో అడుగు ఇక్కడ ఒక ఇంచు. అసలు నేలలో 5 ఇంచుల వెడల్పుండే పట్టీ ఇక్కడ 10.5 మిల్లీమీటర్లు అవుతుంది. ఐస్‌క్రీం పుల్ల వెడల్పు దాదాపు 10 మిల్లీమీటర్లు కాబట్టి వెడల్పు వరకు సరిగ్గా సరిపోతుంది. చిక్కంతా పొడవుతోనే. గుండ్రటి కొనలు తీసేస్తే పుల్లలో మిగిలేది 90 మిల్లీమీటర్లు. అసలు ఇంటి లెక్కలో అది మూడున్నర అడుగులే. ఎంత నీటుగా వేసినా చూసేవాళ్లకు తునకలు అతికించినట్టే కనిపిస్తుంది. వెనీర్‌ను 200 మిల్లీమీటర్ల పొడవు కోసుకోవచ్చు, అంటే దాదాపు ఎనిమిది అడుగుల పట్టీ అన్నమాట. హాలుకు వెనీర్, వంటింటికి పుల్లలు పెట్టుకోండి. 1:24 ఇల్లయితే పుల్లలు పనికిరావు. వెనీర్‌నే 5 మిల్లీమీటర్ల వెడల్పుతో కోయాలి.

కావలసినవి (12 × 10 ఇంచుల గదికి)

- అర మిల్లీమీటరు మందం టేకు వెనీర్, అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ముక్క. పుల్లలతో వేసేటట్టయితే 100 పుల్లలు (లెక్కకు 85 చాలు, వంకరవి తీసేయాలి కదా)
- పుస్తకాల బైండింగ్‌కు వాడే 2 మిల్లీమీటర్ల అట్ట
- తెల్ల ఫెవికాల్, 50 గ్రాములు
- కొత్త బ్లేడు వేసిన కట్టర్, స్టీలు స్కేలు, మాస్కింగ్ టేపు
- 220, 400 నంబర్ల సాండ్ పేపర్
- మ్యాట్ వార్నిష్ లేదా మైనం పాలిష్

వెనీర్ ఎంచుకోవడం, కోయడం

పని అందం సగం ఇక్కడే తేలిపోతుంది. పెద్ద పెద్ద పువ్వుల్లా, కొండల్లా రేఖలు తిరిగిన వెనీర్ కబోర్డు తలుపుకు బాగుంటుంది గానీ బొమ్మరింటికి పనికిరాదు. ఆ రేఖ ఒక్కటే నాలుగు పట్టీలంత వెడల్పుంటుంది. సన్నగా, నిలువుగా గీతలున్న ముక్కనే తీసుకోండి. ఇక్కడి టేకులో నల్లచారలు సహజం. చార పడిన పట్టీలన్నీ ఒకే చోట చేరకుండా గదంతా చెదరగొట్టండి.

కోసే ముందు వెనీర్ వెనకవైపు మాస్కింగ్ టేపు అంటిస్తే అంచులు చీలవు. బ్లేడును గట్టిగా నొక్కి ఒకేసారి లాగకండి. అలా లాగితే బ్లేడు స్కేలును వదిలేసి చెక్క గీత వెంబడి పోతుంది. తేలిగ్గా మూడుసార్లు గీస్తే తెగుతుంది. కోయడం అయ్యాక టేపును వాలుగా, మెల్లగా తీయండి. పుల్లల కొనలను కత్తెరతో కత్తిరిస్తే నిలువునా చీలతాయి, వాటికి సన్నపళ్ల రంపమే మేలు.

రంగు

టేకుకు రంగు అక్కర్లేదు. పుల్లలు మాత్రం పాలిపోయి ఉంటాయి. చిక్కటి టీ డికాక్షన్‌ను రెండుసార్లు పూసి ఆరనివ్వండి. పాత ఇంటి బూడిదరంగు కావాలంటే 100 మిల్లీలీటర్ల వెనిగర్‌లో ఇనుప పీచు ముక్క వేసి ఒక రోజు ఉంచి, వడగట్టి, టీ పూసిన పుల్లల మీద పూయాలి. టీలోని టానిన్, ఇనుము కలిసి నల్లబడతాయి. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచుతో ఇది సరిగ్గా రాదు. సీసాలోంచి గ్యాసు వస్తుంది కాబట్టి మూత బిగించకండి. పుల్లలను అంటించక ముందే రంగు వేయాలి. ఫెవికాల్ అంటిన చోట రంగు పీల్చదు, తెల్లమచ్చలు మిగిలిపోతాయి.

అంటించడం

అట్టను గది కొలత కన్నా అన్ని వైపులా 1 మిల్లీమీటరు తగ్గించి కోయండి. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. చంద్రపూర్ మే ఎండ 45 డిగ్రీలు దాటితే ముడుచుకుంటుంది. ఎండాకాలంలో గోడకు గోడకు బిగించి వేసిన నేల శ్రావణం వచ్చేసరికి మధ్యలో పైకి లేస్తుంది. అంచున వదిలిన ఆ సందును తర్వాత స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే సన్నపట్టీ) కప్పేస్తుంది.

ప్రతి పట్టీకి ఒక పొడవు అంచు మీద 2బీ పెన్సిలు రుద్దండి. పక్కపక్కన పేర్చినప్పుడు సన్నటి నల్లగీత కనిపిస్తుంది. నిజం పట్టీల మధ్య సందు ఇలాగే ఉంటుంది.

టేకులో నూనె ఉంటుంది కాబట్టి పట్టీల అడుగును థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే అంటించండి. పొయ్యి దగ్గర మాత్రం వద్దు. ఇంటి తెరిచిన వైపు నుంచి లోపలికి పోయేట్టు పట్టీలు వేస్తే గది లోతుగా కనిపిస్తుంది. మొదటి వరసను మూలమట్టంతో చూసుకోండి. అది ఒక్క మిల్లీమీటరు వంకర పోయినా చివరి వరస గోడ దగ్గర కోసుగా తేలుతుంది. ఫెవికాల్‌ను అట్ట మీద మూడు నాలుగు వరసలకు సరిపడా పలచగా పరచండి. నీళ్లు కలపకండి, వెనీర్ చుట్టుకుపోతుంది. పైకి ఉబికిన బంకను వెంటనే తడిగుడ్డతో తీసేయాలి.

పక్క వరసల్లో అతుకుల మధ్య కనీసం 15 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఒకే కొలతతో జరుపుకుంటూ పోతే మెట్లలాంటి వరస కంటికి కొడుతుంది. మొదటి ముక్కల పొడవులు కలగాపులగంగా మార్చండి.

ఒకవైపే బంక పడితే అట్ట వంగుతుంది. అడుగున కూడా ఫెవికాల్‌తో ఒక కాగితం అంటించి, పైన పాలిథిన్ కవరు పరిచి, రాత్రంతా లావు పుస్తకాల బరువు పెట్టండి. న్యూస్ పేపర్ పరిస్తే సిరా దిగుతుంది.

ముగింపు పూత

వెనీర్‌ను 220తో ఒక్కసారి, తర్వాత 400తో గీత వెంబడి రుద్దితే చాలు. 80 నంబరు పట్టారో, అట్ట బయటపడుతుంది. రంగు వేసిన పుల్లలకు 400 ఒక్కటే. మేకుల గుర్తులకు పట్టీ కొనకు 1.5 మిల్లీమీటర్ల లోపల సూదితో రెండు చుక్కలు పొడవండి. మెరిసే వార్నిష్ వేస్తే ప్లాస్టిక్‌లా ఉంటుంది. మ్యాట్‌దే పలచగా రెండు పూతలు వేయండి.

నేలను ఇంట్లో పెట్టే ముందు తలుపులు తెరిచి చూడండి. వెనీర్ నేల రెండున్నర మిల్లీమీటర్లు, పుల్లల నేల నాలుగు మిల్లీమీటర్లు ఎత్తు పెంచుతుంది. అడుగు రాసుకుంటే తలుపునే అంతమేర కోయాలి. కింద బల్బుల వైర్లు పోతుంటే నేలను బంకతో అంటించకండి, నాలుగు మూలలా డబుల్ టేపు చాలు. వైరు తెగినప్పుడు పైకి లేపొచ్చు.