కోట్ ఆఫ్ ఆర్మ్స్ మీదకి జంతువునో మొక్కనో ఎలా ఎంచుకోవాలి

కెనడా సిటిజన్‌షిప్ ఉన్న మనవాళ్లలో చాలామందికి తెలీదు గానీ అక్కడ మామూలు మనిషి కూడా సొంత కోట్ ఆఫ్ ఆర్మ్స్ (షీల్డ్ అంటే డాలు మీద బొమ్మతో ఉండే అధికారిక చిహ్నం) కోసం అప్లై చేసుకోవచ్చు. 1988లో పెట్టిన కెనడియన్ హెరాల్డిక్ అథారిటీ ఈ పని చూస్తుంది, అక్కడి ముఖ్య అధికారి చీఫ్ హెరాల్డ్‌కి లెటర్ రాయాలి, ఖర్చు మనమే పెట్టుకోవాలి.

అప్లై చేద్దాం అనుకోగానే అందరికీ గుర్తొచ్చేది సింహం. దయచేసి సింహం వద్దు. యూరప్ నిండా అవే ఉన్నాయి, మీ షీల్డ్ మీద ఇంకోటి పెడితే అది మీ గురించి ఏమీ చెప్పదు. కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ 1999లో కొత్త టెరిటరీ అయినప్పుడు వాళ్ల ఆర్మ్స్‌కి ఒక పక్క కారిబూ (అడవి రెయిన్‌డీర్), ఇంకో పక్క కొమ్ము ఉన్న నార్వాల్ అనే తిమింగలం పెట్టుకున్నారు, ఒకటి నేల మీద బతికేది ఒకటి సముద్రంలో బతికేది, అక్కడివాళ్ల బతుకంతా ఆ రెండింట్లో వచ్చేసింది. ఫిన్లాండ్‌లో ఇనారి అనే ఊరిదైతే ఇంకా అద్భుతం, చేపకి రెయిన్‌డీర్ కొమ్ములు పెట్టేశారు! చేపల వేట, రెయిన్‌డీర్ పెంపకం, రెండూ ఒకే బొమ్మలో.

కాబట్టి ముందు పేపర్ తీసుకుని మీ ఊరు, మీ పని, మీరు కళ్లారా చూసిన జీవాలు, చెట్లు రాయండి. తంగేడు, వేప, పాలపిట్ట, కృష్ణజింక, ఏదైనా పర్లేదు, దాన్ని ఎందుకు పెట్టారని అడిగితే మీ దగ్గర సొంత కారణం ఉండాలి, అంతే.

తర్వాత ఆకారం చూడాలి, అసలు కష్టం ఇక్కడే. హెరాల్డ్రీలో, అంటే ఈ చిహ్నాల కళలో, ఫొటోలాంటి బొమ్మ పనికిరాదు, దూరం నుంచి చూసినా ఇది ఫలానా అని తెలియాలి, అందుకే గుర్తుపట్టించే భాగాన్ని కావాలనే పెద్దది చేస్తారు. కృష్ణజింకకి మెలి తిరిగిన కొమ్ములు, వేపాకుకి రంపం లాంటి అంచు. పాలపిట్ట కొమ్మ మీద కూర్చుంటే ఆ నీలం సరిగా కనపడదు, ఎగిరితేనే రెక్కల్లో మెరుస్తుంది, అందుకని రెక్కలు విప్పి పెట్టించండి. బొమ్మ షీల్డ్‌ని నింపాలి, మధ్యలో చిన్నగా వేసి చుట్టూ ఖాళీ వదలొద్దు. జంతువు మామూలుగా చూసేవాళ్లకి ఎడమ వైపు తిరిగి ఉంటుంది.

రంగుల రూల్ ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. బంగారం, వెండి (అంటే పసుపు, తెలుపు) లోహాలు, ఎరుపు నీలం నలుపు ఆకుపచ్చ లాంటివి రంగులు, లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. తంగేడు పువ్వు ఆకుపచ్చ మీద బాగుంటుంది, తెలుపు మీద పెడితే మాయమైపోతుంది. పాలపిట్ట నీలానికి బంగారం బ్యాక్‌గ్రౌండ్ ఇవ్వండి. సహజ రంగులు వాడొచ్చు గానీ నాకైతే ఫిన్లాండ్ ఊళ్ల పద్ధతే నచ్చుతుంది, ఒక లోహం ఒక రంగు, చాలాసార్లు అంతకుమించి ఉండదు.

చివరికి అసలైనది బొమ్మ కాదు, మాటల్లో రాసిన వర్ణన, దాన్నే బ్లేజన్ అంటారు. ఒకే ముగ్గుని ఇద్దరు వేస్తే గీతలు కాస్త తేడాగా ఉన్నా ముగ్గు అదే కదా, ఇదీ అంతే. కెనడా ఆర్మ్స్‌లో మేపుల్ ఆకులు 1921లో ఆకుపచ్చగా గీశారు, బ్లేజన్‌లో సహజ రంగు అని మాత్రమే ఉంది కాబట్టి 1957లో ఎరుపుగా మార్చి గీసినా బ్లేజన్ మార్చే పని పడలేదు.

పంపేముందు బొమ్మని ఫోన్‌లో యాప్ ఐకాన్ అంత చేసి నలుపు తెలుపులో చూడండి, గుర్తుపట్టలేకపోతే వివరాలు తగ్గించండి. నునావుట్ కారిబూ, నార్వాల్ లాగా షీల్డ్ పక్కన నిలబడే సపోర్టర్లు అందరికీ ఇవ్వరు కాబట్టి మీ శ్రద్ధంతా షీల్డ్ మీదే పెట్టండి. లెటర్‌లో ఆ జీవం మీకెందుకో వివరంగా రాయండి, ఫైనల్ డిజైన్ హెరాల్డ్‌లే మీతో మాట్లాడి తయారు చేస్తారు, పాలపిట్ట అంటే ఏంటో వాళ్లకి తెలీకపోవచ్చు, మంచి ఫొటోలు జత చేయండి.