కొత్త క్వార్టర్‌బ్యాక్ మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు: విశాఖలో ఎన్ఎఫ్ఎల్ చూసేవారికి ఒక పద్ధతి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో 2022 సీజన్‌లో హ్యూస్టన్ టెక్సన్స్ 17 మ్యాచ్‌లాడి మూడే గెలిచింది. 2023 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) రెండో ఎంపికగా క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసి దాడిని నడిపేవాడు) సి.జె. స్ట్రౌడ్ వచ్చాడు. ఆ ఏడాది అదే జట్టు 10 గెలిచి తన నాలుగు జట్ల డివిజన్ దక్కించుకుంది, ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ని 45-14తో ఓడించింది. స్ట్రౌడ్ కన్నా ఒక్క స్థానం ముందు, మొదటి ఎంపికగా, కరోలైనా పాంథర్స్ తీసుకున్నది బ్రైస్ యంగ్‌ని. పాంథర్స్ 17లో రెండే గెలిచింది. ఇద్దరి చుట్టూ ఆగస్టులో వినిపించిన మాటలు దాదాపు ఒకటే. అసలు సంగతి హైలైట్లలో కనపడదు, గెలుపోటముల పట్టికలో ఆలస్యంగా కనపడుతుంది. మ్యాచ్‌లో ఎక్కడ చూడాలో తెలిస్తే మాత్రం అక్టోబరు చివరికల్లా మీకే ఒక అంచనా వస్తుంది. డౌన్లు, పది గజాల లెక్క తెలిసినవారికోసం రాస్తున్నది ఇది.

ఏ మ్యాచ్, ఎంతసేపు

ఓడిపోతూ వస్తున్న జట్లకు టీవీవాళ్లు రాత్రి మ్యాచ్‌లు తక్కువ ఇస్తారు. వాటి మ్యాచ్‌లు ఎక్కువగా అమెరికా తూర్పు తీరపు సమయం ఆదివారం మధ్యాహ్నం 1 గంటకే పెడతారు. మనకది ఆదివారం రాత్రి 10:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పటినుంచి 11:30. మనకు ఇది కలిసొచ్చే విషయమే. రెండో విడత మ్యాచ్‌లు మొదలయ్యేది సోమవారం తెల్లవారుజామున 1:35కో 1:55కో (నవంబరు నుంచి 2:35, 2:55). ఆదివారం రాత్రి మ్యాచ్ మనకు సోమవారం పొద్దున్న 5:50కి, నవంబరు నుంచి 6:50కి. అక్టోబరులో లండన్‌లో జరిగేవి సాధారణంగా ఆదివారం సాయంత్రం 7 గంటలకే మొదలవుతాయి.

సోమవారం రుషికొండలో ఆఫీసో, స్టీల్ ప్లాంటులో పొద్దుటి షిఫ్టో ఉన్నవాళ్లు మూడు గంటల మ్యాచ్ మొత్తం మేలుకుని చూడక్కర్లేదు. మొదటి సగం ప్రత్యక్షంగా చూసి పడుకోండి. రెండో సగం మర్నాడు సాయంత్రం, డాజన్ (DAZN) యాప్‌లో వచ్చే గేమ్ పాస్‌లో 40 నిమిషాలకు కుదించిన వీడియోలో చూసుకోవచ్చు. మొత్తం కుదించిన వీడియోలోనే కానిచ్చేస్తానంటే మాత్రం కుదరదు. అందులో స్నాప్‌కి (మధ్యలో ఉండే సెంటర్ బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) ముందు జరిగేదంతా కోసేస్తారు. కొత్తవాడి విషయంలో సగం సమాచారం ఉండేది అక్కడే.

నోటుబుక్కులో ఏం రాయాలి

పాస్ ఆటలకు మాత్రమే ఒక్కో వరస. మ్యాచ్‌కి 30 నుంచి 40 వస్తాయి. ఆరు గళ్లు చాలు: డౌన్, ఎన్ని గజాలు కావాలి, స్నాప్ అయినప్పుడు ప్లే క్లాక్ మీద ఎంతుంది, బంతి చేతిలో ఎన్ని సెకన్లు, మీదికి ఎవరైనా వచ్చారా, చివరికి ఏమైంది. సెకన్లకు ఫోన్‌లో స్టాప్‌వాచ్ వాడండి. సెంటర్ చేతిలోంచి బంతి కదిలినప్పుడు నొక్కి, క్వార్టర్‌బ్యాక్ చెయ్యి విడిచినప్పుడు ఆపాలి. మొదట్లో చెయ్యి తడబడుతుంది. రీప్లేలో రెండోసారి కొలిస్తే సరిపోతుంది.

ముందు ప్లే క్లాక్ సంగతి. 40 సెకన్ల గడియారం అది, ఆలోపు స్నాప్ జరగాలి. కోచ్ మాట హెల్మెట్‌లోని రేడియోలో వినపడుతుంది, గడియారం 15కి చేరగానే ఆ రేడియో మూగబోతుంది. అక్కడినుంచి కుర్రాడు ఒంటరి. ఎదుటి డిఫెన్స్ నిలబడిన తీరు చూసి ఆట మార్చాలన్నా, తనను కాపాడే లైన్‌మెన్‌కి ఎవరిని అడ్డుకోవాలో చెప్పాలన్నా ఆ 15 సెకన్లలోనే. మీ గడిలో 8, 7, 6 అంకెలు కనపడుతుంటే అతనికి చూసుకునే వ్యవధి దొరుకుతోందన్నమాట. వరసగా 2, 1 వస్తుంటే డిఫెన్స్‌కి స్నాప్ ఎప్పుడో ముందే తెలిసిపోతుంది, వాళ్లు ఒక అడుగు ముందుంటారు. దీనికి తోడు ఆలస్యానికి ఐదు గజాల జరిమానాలు, హడావిడిగా వాడేసిన టైమవుట్లు కనపడతాయి. మొదటి మూడు వారాలు దీన్ని క్షమించొచ్చు. ఎనిమిదో వారంలోనూ అలాగే ఉంటే కోచ్ పంపే ఆట ఆలస్యంగా వస్తోందా, కుర్రాడు దాన్ని జట్టుకు చెప్పడంలో తడబడుతున్నాడా అన్నది చూడాలి. హడిల్ (ఆటకు ముందు గుమికూడి మాట్లాడుకోవడం) ఎన్ని సెకన్లకు విడిపోతోందో గమనిస్తే తెలుస్తుంది.

ఇక చేతిలో బంతి ఉండే సమయం. లీగ్ మొత్తం మీద సగటు 2.7, 2.8 సెకన్ల చుట్టూ ఉంటుంది. రెండు సెకన్లలోపు వదిలేసినవి చాలావరకు స్క్రీన్ పాస్‌లు (దగ్గరలో ఉన్నవాడికి వెంటనే వేసే చిన్న పాస్‌లు), అవి కోచ్ గీసిచ్చినవి. వాటి పక్కన చిన్న గుర్తు పెట్టి, కుర్రాడి ఖాతాలో వేయకండి. మూడు సెకన్లు దాటినవాటిని రెండుగా విడదీయాలి. ప్లే యాక్షన్ (బంతిని పరిగెత్తేవాడికి ఇచ్చినట్టు నటించడం) వల్లో, పక్కకి పరిగెత్తమని గీసిన ఆట వల్లో ఆలస్యమైతే తప్పు లేదు. అక్కడే నిలబడి, ఎవరికి వేయాలో తోచక ఆలస్యమైతే అది రాయాల్సిందే.

ఒత్తిడి: అన్నిటికన్నా ముఖ్యమైన గడి

ఎవరూ మీదికి రానప్పుడు ఎన్ఎఫ్ఎల్ స్థాయికి వచ్చిన ఏ క్వార్టర్‌బ్యాకైనా బాగానే వేస్తాడు. తేడా తెలిసేది మీదికి వచ్చినప్పుడు. ఒత్తిడి వచ్చిన ప్రతి ఆటకీ ఫలితం రాయండి: సాక్ (బంతి వేయకముందే పడగొట్టారు), బయటికి విసిరేశాడు, పరిగెత్తాడు, పాస్ అందింది, బంతి పోయింది. లీగ్‌లో మామూలుగా ఐదు ఒత్తిళ్లలో ఒకటి సాక్ అవుతుంది. నాలుగింట ఒకటి కన్నా ఎక్కువగా అవుతుంటే, వ్యాఖ్యాతలు లైన్‌ని ఎంత తిట్టినా, కుర్రాడి అలవాటులో లోపముంది. ఏడు గజాల సాక్ అంటే ఏడు గజాల నష్టంతో పోదు. సెకండ్ అండ్ 8 కాస్తా థర్డ్ అండ్ 15 అవుతుంది, దాదాపు ఆ డ్రైవ్ (ఆ విడత దాడి) అక్కడితో సరి.

తప్పు లైన్‌దా, అతనిదా అన్నది స్టాప్‌వాచే చెబుతుంది. 2.5 సెకన్లలోపు ఎవరో ఛాతీ మీదికి వచ్చేస్తే లైన్ ఓడిపోయింది. మూడు సెకన్లు దాటాక పడితే ఎక్కువసార్లు అతనిదే. 2023లో బ్రైస్ యంగ్‌ని 62 సార్లు పడగొట్టారు. 2002లో, హ్యూస్టన్ టెక్సన్స్ పుట్టిన మొదటి ఏడాది, రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) డేవిడ్ కార్‌ని 76 సార్లు పడగొట్టారు, అది నేటికీ రికార్డే. ఇలాంటి అంకెల్లో లైన్ వాటా, కుర్రాడి వాటా రెండూ ఉంటాయి. విడదీయకుండా తీర్పు చెబితే ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

ఒత్తిడిలో కాళ్లను చూడండి. మంచివాడు లైన్‌మెన్ చేసిన ఖాళీలోకి ఒక అడుగు ముందుకు జరుగుతాడు, చూపు మాత్రం మైదానం మీదే. బెదిరినవాడు వెనక్కి వెళ్తాడు, పక్కకి తిరుగుతాడు, చూపు మీదికొస్తున్న మనిషి మీదికి దించుతాడు. చేతులనూ చూడండి. పాకెట్‌లో (లైన్‌మెన్ చుట్టూ కాపు కాసే చోటు) బంతిని రెండు చేతులతో పట్టుకోనివాడు వెనకనుంచి దెబ్బ తగిలితే వదిలేస్తాడు. ఆ అలవాటు శిక్షణతో పోతుంది, కాబట్టి దాన్ని పెద్ద లోపంగా లెక్కేయకండి. చూపు దించే అలవాటు మాత్రం అంత తేలికగా పోదు.

ఈ రెండున్నర సెకన్లు ఎంతో ఒంటికి తెలియాలంటే ఆర్కే బీచ్‌లో ఒక సాయంత్రం చాలు. అల తగిలి గట్టిపడిన ఇసుక మీద నిలబడండి, పొడి ఇసుకలో కాలు నిలవదు. బంతిలో గాలి 12.5 నుంచి 13.5 పీఎస్ఐ. వేళ్లు లేసుల మీద ఉండాలి, అరచేతికి బంతికి మధ్య కాస్త సందు ఉండాలి. స్నేహితులిద్దరు 14 మీటర్ల దూరంలో వేర్వేరు వైపులకు పరిగెత్తాలి, మూడోవాడు ఐదు అడుగుల నుంచి మీ మీదికి రావాలి. మన తీరపు తేమకు బంతి జారుతుంది, తువ్వాలు దగ్గర పెట్టుకోండి. పది సార్లు వేశాక టీవీలో కనపడే ఆలస్యం మీద మీ అభిప్రాయం మారుతుంది.

ఇంటర్‌సెప్షన్లన్నీ ఒకటి కావు

వేసిన పాస్‌ని ఎదుటి జట్టు పట్టేసుకుంటే ఇంటర్‌సెప్షన్. రిసీవర్ (పాస్ అందుకునేవాడు) చేతికి తగిలి ఎగిరినది, అర్ధభాగం చివరి సెకనులో దూరంగా విసిరినది, ఇవి పక్కన పెట్టండి. అలాగే అదృష్టం కూడా పక్కన పెట్టాలి. 2024 అక్టోబరులో వాషింగ్టన్ కమాండర్స్ రూకీ జేడెన్ డేనియల్స్ చికాగో మీద ఆఖరి క్షణంలో విసిరిన 52 గజాల బంతి చేతులు తాకుతూ నోవా బ్రౌన్‌కి చిక్కి 18-15తో గెలిపించింది. ఎన్నాళ్లయినా గుర్తుండే ఆట, కానీ కొలతకు పనికిరాదు. కలవరపెట్టాల్సింది రెండు రకాలు: ఒకే రిసీవర్‌ని మొదటినుంచీ చూస్తూ సేఫ్టీకి (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక ఉండేవాడు) దారి చూపించినది, మైదానం మధ్యలోకి ఆలస్యంగా వేసినది. హెల్మెట్ ఎటు తిరుగుతోందో చూస్తే మొదటిది తెలిసిపోతుంది. 22 మందీ కనపడే పై కోణం వీడియో దొరికితే ఇంకా తేలిక.

మ్యాచ్ అయ్యాక ఒక్క లెక్క వేయండి. మొత్తం పాస్ గజాలకు టచ్‌డౌన్‌కి 20 చొప్పున కలపండి, ఇంటర్‌సెప్షన్‌కి 45 చొప్పున తీసేయండి, సాక్‌లలో పోయిన గజాలూ తీసేయండి. వచ్చినదాన్ని పాస్ ప్రయత్నాలు, సాక్‌లు కలిపిన సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకు 34 ప్రయత్నాలు, 241 గజాలు, ఒక టచ్‌డౌన్, ఒక ఇంటర్‌సెప్షన్, 27 గజాలు పోగొట్టిన 4 సాక్‌లు అనుకుందాం. పేపర్లో ‘241 గజాలు’ అని చూస్తే బాగానే ఉంటుంది. లెక్క వేస్తే 189ని 38తో భాగించాలి, 5 కూడా రాదు. లీగ్ సగటు 6 చుట్టుపక్కల ఉంటుంది. రూకీకి 5 పర్వాలేదు, 6 మంచిది, 7 దాటితే అరుదు. ఒక్క మ్యాచ్ అంకెను నమ్మకండి, నాలుగు మ్యాచ్‌ల సగటు చూడండి. నాలుగో క్వార్టర్‌లో 17 పాయింట్లకు పైగా వెనకబడ్డాక వచ్చిన గజాలను వేరే రాసుకోండి. అప్పుడు డిఫెన్స్ చిన్న పాస్‌లను కావాలనే వదిలేస్తుంది.

ఐదో వారం నుంచి అసలు పరీక్ష

మొదటి నాలుగు మ్యాచ్‌లలో అతన్ని ఎన్ఎఫ్ఎల్‌లో ఎవరూ చూసి ఉండరు. ఆ తర్వాత ప్రతి కోచ్ దగ్గరా వీడియో ఉంటుంది. అతనికి ఇష్టమైన మొదటి పాస్‌ని మూసేస్తారు. స్నాప్‌కి ముందు ఇద్దరు సేఫ్టీలను లోతుగా చూపించి, స్నాప్ కాగానే ఒకరిని కిందికి దింపుతారు. అందుకే సెప్టెంబరులో మెరిసి నవంబరులో తడబడేవాళ్లు ఎక్కువ. తడబడటం తప్పు కాదు, రెండు మూడు వారాల్లో జవాబు దొరికిందా అన్నదే ప్రశ్న. దీనికి మంచి కొలత డివిజన్ మ్యాచ్‌లు. సొంత డివిజన్‌లోని ముగ్గురితోనూ రెండేసిసార్లు ఆడతారు కాబట్టి, ఒకే కోచ్ మీద మొదటి మ్యాచ్, రెండో మ్యాచ్ పేజీలను పక్కపక్కన పెట్టండి. రెండోసారి ఒత్తిడి గడి మెరుగుపడితే కుర్రాడు నేర్చుకుంటున్నాడు.

థర్డ్ డౌన్‌లో 7 గజాలకు పైగా కావాల్సినప్పుడు ఫస్ట్ డౌన్ గీతకు ముందే పడే చిన్న పాస్‌లు వేస్తున్నాడేమో కూడా చూడండి. పూర్తయిన పాస్‌ల శాతం దానివల్ల పెరుగుతుంది, జట్టుకు మాత్రం పంట్ (బంతిని తన్ని ఎదుటి జట్టుకు ఇచ్చేయడం) ఒక్కటే మిగులుతుంది.

చుట్టూ ఉన్నవాళ్లు

తెలుగు టైటాన్స్‌ని ఇష్టపడేవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్న పవన్ సెహ్రావత్ ఉండి కూడా 2023-24 ప్రో కబడ్డీలో ఆ జట్టు అట్టడుగున నిలిచింది. క్వార్టర్‌బ్యాక్‌కి కోచ్ మారకుండా ఉండటం ఇంకా ముఖ్యం. యంగ్ మొదటి ఏడాదిలోనే, 11 మ్యాచ్‌లకు హెడ్ కోచ్ ఫ్రాంక్ రైక్‌ని తీసేశారు. 2021లో జాక్సన్‌విల్ రూకీ ట్రెవర్ లారెన్స్ 12 టచ్‌డౌన్లు, 17 ఇంటర్‌సెప్షన్లతో ముగించాడు, కోచ్ అర్బన్ మేయర్‌ని సీజన్ మధ్యలో పంపించేశారు. మర్నాటి ఏడాది డగ్ పీడర్సన్ వచ్చాడు, అదే కుర్రాడితో జట్టు డివిజన్ గెలిచింది.

డబ్బు లెక్క కూడా చూడాలి. లీగ్‌కి, ఆటగాళ్ల సంఘానికి మధ్య 2011లో కుదిరిన ఒప్పందం తర్వాత డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లకు నాలుగేళ్లకు ముందే కట్టిన జీతమే. 2024లో మొదటి ఎంపిక కేలెబ్ విలియమ్స్‌కి నాలుగేళ్లకు కలిపి దాదాపు 39.5 మిలియన్ డాలర్లు. అదే ఏడాది డాక్ ప్రెస్కాట్‌ ఒప్పందం ఏడాదికి 60 మిలియన్లు. ఆ మిగులుతో యాజమాన్యం లైన్‌మెన్‌ని కొంటోందా లేదా అన్నది ప్రతి మార్చిలో చూడండి. మొదటి రౌండు వాళ్లకు ఐదో ఏడాది ఆప్షన్ (ఒప్పందాన్ని ఇంకో ఏడాది పొడిగించే హక్కు) మీద మూడో సీజన్ తర్వాత మే నెలలో నిర్ణయం చెప్పాలి. అంటే జట్టుకున్న గడువు మూడేళ్లు.

పరిగెత్తే రూకీలకు ఇంకో గడి కలపండి: పరుగు ఎలా ముగించాడు? జారి కూర్చున్నాడా, పక్క గీత దాటి బయటికెళ్లాడా, దెబ్బ తిన్నాడా? 2012లో వాషింగ్టన్‌ని డివిజన్ విజేతగా నిలిపిన రాబర్ట్ గ్రిఫిన్ ప్లేఆఫ్ మ్యాచ్‌లో మోకాలు దెబ్బతిన్నాక మళ్లీ ఆ ఆటగాడు కాలేదు. డేనియల్స్ 2024లో 891 గజాలు పరిగెత్తి రూకీ క్వార్టర్‌బ్యాక్‌ల రికార్డు రాశాడు, 4-13గా (నాలుగు గెలుపులు, పదమూడు ఓటములు) ఉన్న జట్టును 12-5కి తెచ్చాడు. 2025లో గాయాలతో సగానికి పైగా మ్యాచ్‌లకు దూరమయ్యాడు.

మొదటి ఏడాది ఘోరంగా పోయినంత మాత్రాన నోటుబుక్కు మూసేయకండి. పేటన్ మానింగ్ 1998లో 28 ఇంటర్‌సెప్షన్లు వేశాడు, జట్టు 3-13. మరుసటి ఏడాది 13-3. ట్రాయ్ ఐక్మన్ 1989లో మొదలుపెట్టిన 11 మ్యాచ్‌లూ ఓడిపోయి తర్వాత మూడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. బాగా పోయినా మూసేయకండి. స్ట్రౌడ్‌ని రూకీ ఏడాదిలో 38 సార్లు పడగొడితే, 2024లో 52 సార్లు పడగొట్టారు. ఇంటర్‌సెప్షన్లు 5 నుంచి 12కి పెరిగాయి. రెండో సెప్టెంబరులో కొత్త పేజీ తెరిచేటప్పుడు పాత ఏడాది డివిజన్ మ్యాచ్‌ల పేజీలు పక్కనే పెట్టుకోండి, ఒత్తిడి గడినే మొదట నింపండి.