కాలేజీ ఖర్చు లెక్క, 4వ పాఠం: శాట్ స్కోరు ఎక్కడ పనికొస్తుంది

పోయిన పాఠంలో మీ ఎస్ఏఐ (అమెరికాలో కాలేజీ ఖర్చుకి మీ ఇల్లు ఎంత పెట్టగలదని లెక్కకట్టే అంకె) ఎంతో లెక్కేసి చూడమన్నా కదా, చాలామంది ఒకే దగ్గర ఆగిపోయారు. "మా వాడికి శాట్‌లో 1510 వచ్చింది, అది ఫాఫ్సాలో ఎక్కడ వెయ్యాలి?" ఎక్కడా వెయ్యక్కర్లేదండి, ఫాఫ్సా అంటే ప్రభుత్వ ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు, అందులో కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్ స్కోరుకి గడే లేదు. అది చూసేది ఆదాయం, ఆస్తులు, ఇంట్లో ఎంతమంది అన్నదే. నీడ్ (ఖర్చులోంచి ఎస్ఏఐ తీసేస్తే మిగిలేది) వేరు, మెరిట్ (ప్రతిభ చూసి ఇచ్చే డబ్బు) వేరు అని ఒక్క ముక్కలో చెప్పి దాటేశాను, అక్కడే తేడా కొట్టింది.

స్కోరు పలికేది కాలేజీ సొంతంగా ఇచ్చే మెరిట్ డబ్బు దగ్గర. ఐవీ లీగ్ కాలేజీలు, ఎంఐటీ అసలు మెరిట్ స్కాలర్‌షిప్పే ఇవ్వవు. బర్కిలీ, యూసీఎల్ఏ లాంటి యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కాలేజీలు) అడ్మిషన్‌కీ స్కాలర్‌షిప్‌కీ కూడా స్కోరు చూడవు. అలబామా యూనివర్సిటీ మాత్రం స్కోరు, జీపీఏ బట్టి ఎంతిస్తుందో పట్టికేసి మరీ పెడుతుంది. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకి ఫెడరల్ ఎయిడ్, అంటే కేంద్ర ప్రభుత్వ సాయం, రాదు కాబట్టి నేనైతే వాళ్లని ముందు ఇలాంటి చోట్లే వెతకమంటా.

ఇప్పుడు అందరూ పడే గుంత. ఖర్చు 60,000 డాలర్లు, మీ ఎస్ఏఐ 25,000 అనుకోండి, నీడ్ 35,000. కాలేజీ నీడ్ మొత్తం తీరుస్తానంది. పిల్లకి 15,000 మెరిట్ వచ్చింది, ఇంక మనం కట్టేది 10,000 అని సంబరపడతారు. కాదు! ఆ 15,000 ఆ 35,000 లోపలే సర్దేస్తారు, నీడ్ కోసం కాలేజీ ఇచ్చే గ్రాంట్ 20,000కి దిగుతుంది, మీరు కట్టేది అదే 25,000. మా అమ్మాయి ఆఫర్ లెటర్లో పైన బోల్డ్‌లో మెరిట్ ఉంది, నేను అది చూసి ఇంట్లో అందరికీ చెప్పేశా, రాత్రి కూర్చుని కింద గ్రాంట్ లైను కాలేజీ సైటులోని ఖర్చు కాలిక్యులేటర్లో వచ్చిన అంకెతో పోలిస్తే సరిగ్గా అంతే కోత పడుంది. చెప్పేముందే పోల్చుకోవాల్సింది.

అదే మీ ఎస్ఏఐ 70,000 అయితే నీడ్ సున్నా, తగ్గించడానికి గ్రాంటే లేదు, 15,000 వస్తే కట్టేది నిజంగానే 45,000. నీడ్ సగమే తీర్చే కాలేజీ అయితే మెరిట్ ముందు ఆ ఖాళీలోకి పోతుంది, అప్పుడూ మనకి లాభమే. అంటే ఇద్దరూ ఐటీలో ఉన్న ఇంటికి స్కోరు నేరుగా ఫీజు తగ్గిస్తుంది, తక్కువ జీతం ఇంటి పిల్లకి అదే స్కోరు నీడంతా తీర్చే కాలేజీలో సీటు తెప్పించడానికి సాయపడుతుంది, డబ్బు ఆ సీటు వెనకే వస్తుంది.

టెస్ట్ ఆప్షనల్ (స్కోరు పంపడం మీ ఇష్టం) అని ఉంటే స్కాలర్‌షిప్‌కి కూడా ఆప్షనలేనా అని ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి, కొన్నిచోట్ల కాదు.

హోంవర్క్: మూడు కాలేజీల కామన్ డేటా సెట్ (కాలేజీ తన అంకెలన్నీ పెట్టే పత్రం) తియ్యండి. అందులో సీ9 అనే భాగంలో శాట్ 75వ పర్సెంటైల్ (చేరినవాళ్లలో ముప్పావు వంతు మంది ఆ స్కోరులోపే ఉన్నారని అర్థం) మీ పిల్ల స్కోరు కంటే తక్కువుందా? హెచ్2ఏ అనే భాగంలో నీడ్ లేని ఎంతమందికి డబ్బిచ్చారు, సగటున ఎంత? ఈ మూడు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని రండి, వచ్చే పాఠం అక్కణ్ణించే.