మూడు గుళ్ళ పూల లెక్క: చివరి మెట్టు దగ్గర ఆగిపోయినవారికి

లెక్క ఇది. ఒక భక్తుడు కొన్ని పూలు పట్టుకుని మూడు గుళ్ళకు బయలుదేరాడు. ప్రతి గుడి ముందూ ఒక కోనేరు ఉంది. అందులో ముంచితే చేతిలోని పూలు రెట్టింపవుతాయి. అలా ముంచిన తరువాతే లోపలికి వెళ్ళి, మూడు గుళ్ళలోనూ సమానంగా పూలు సమర్పించాడు. మూడో గుడి నుంచి బయటికి వచ్చేసరికి ఒక్క పువ్వూ మిగలలేదు. ఆయన తెచ్చినవి కనీసం ఎన్ని, గుడికి ఎన్ని చొప్పున సమర్పించాడు?

గుంటూరు, విజయవాడల్లో పోటీ పరీక్షలకు చదివేవారు దీన్ని మంగళగిరిలో ఊహించుకుంటే దారి తేలికగా గుర్తుంటుంది: కొండ దిగువన లక్ష్మీనరసింహస్వామి, కొండ మీద పానకాలస్వామి, శిఖరాన గండాల నరసింహస్వామి. రెట్టింపు చేసే కోనేర్లను మాత్రం మనమే కల్పించుకోవాలి. ఇక్కడ తెచ్చిన పూలను ‘త’ అని, గుడికి సమర్పించిన పూలను ‘స’ అని రాస్తున్నాను.

సమస్య 1: సమీకరణమే కుదరడం లేదు.

కారణం సాధారణంగా ఒక్కటే. రెండో కోనేటి దగ్గర రెట్టింపయ్యేది మొదట తెచ్చిన పూలు కావు, మొదటి గుడిలో ఇవ్వగా మిగిలినవి. మొదటి గుడి తరువాత 2త – స, రెండో గుడి తరువాత 4త – 3స, మూడో గుడి తరువాత 8త – 7స మిగులుతాయి. చివరిది సున్నా కాబట్టి 8త = 7స.

సమస్య 2: 8త = 7స దగ్గర కలం ఆగిపోతోంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెలియనివి రెండు, సమీకరణం ఒక్కటే కావడంతో, ప్రశ్నలో ఏదో సమాచారం తగ్గిందనుకుని చాలామంది వదిలేస్తారు. బడిలో నేర్చుకున్న పద్ధతి ప్రకారం ఆ అనుమానం సహజమే. కానీ ఇక్కడ రెండో షరతు మాటల్లో రాసి లేకపోయినా లెక్కలోనే ఉంది. పూలను ముక్కలు చేసి సమర్పించరు కాబట్టి త, స రెండూ పూర్ణసంఖ్యలే కావాలి. 8త అనేది 8తో భాగింపబడుతుంది గనుక 7స కూడా 8తో భాగింపబడాలి. 7కూ 8కీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు గనుక ఆ భారమంతా ‘స’ మీదే పడుతుంది. అందుచేత స = 8, 16, 24... కావచ్చు; వాటికి సరిపడే త = 7, 14, 21. ప్రశ్న కనీస సంఖ్యను అడిగింది కాబట్టి తెచ్చినవి 7, సమర్పించినవి 8 చొప్పున. ‘కనీసం’ అన్న మాట ప్రశ్నలో లేకపోతే ఏకైక జవాబు ఉండదు. అలాంటప్పుడు ఇచ్చిన ఐచ్ఛికాలలో 7:8 నిష్పత్తి దేనికి కుదురుతుందో చూడాలి.

అక్షరాలతో తడబడేవారు వెనుక నుంచి నడవడం మేలు. నా దృష్టిలో ఇదే మంచి దారి. పానకాలస్వామి ఎంత పానకం సమర్పించినా సగం స్వీకరించి, సగం ప్రసాదంగా మిగులుస్తాడని మన నమ్మకం. వెనక్కి నడిచేటప్పుడు కోనేరు కూడా అలాగే పూలను సగం చేస్తుంది. మూడో గుడిలోకి వెళ్ళేటప్పుడు ‘స’ పూలుండాలి, అంటే కోనేటికి ముందు అందులో సగం. దానికి రెండో గుడిలో ఇచ్చిన ‘స’ కలిపి సగం చేస్తే నాలుగింట మూడు వంతులు. మళ్ళీ ‘స’ కలిపి సగం చేస్తే ఎనిమిదింట ఏడు వంతులు. మూడుసార్లు సగం చేసినా పువ్వు చీలకూడదంటే ‘స’ను 8తో భాగించగలగాలని కంటికే కనిపిస్తుంది.

సమస్య 3: తెచ్చినవి 8, సమర్పించినవి 7 అని వస్తోంది.

సమీకరణంలో ‘త’ పక్కన 8 ఉంది కాబట్టి త = 8 అని చదివేయడం దీనికి కారణం. 8తో మొదలుపెట్టి గుడికి 7 చొప్పున ఇచ్చి చూడండి: 9, 11, 15 మిగులుతాయి. పూలు తరగవలసింది పోయి పెరుగుతున్నాయి. తెచ్చినన్నే ప్రతి గుడిలోనూ ఇస్తే చేతిలోని సంఖ్య ఎప్పటికీ మారదు. కాబట్టి పూలు అయిపోవాలంటే సమర్పించే సంఖ్య తెచ్చిన సంఖ్య కంటే ఎక్కువగానే ఉండాలి. జవాబు రాసే ముందు ఈ ఒక్క పోలిక చూసుకుంటే తారుమారు వెంటనే బయటపడుతుంది. సరైన జవాబుతో నడిస్తే 7 పూలు 14 అవుతాయి, 8 ఇస్తే 6; అవి 12 అవుతాయి, 8 ఇస్తే 4; అవి 8 అవుతాయి, అన్నీ ఇచ్చేస్తే సున్నా.

సమస్య 4: పద్ధతి సరైనదే, జవాబు మాత్రం పుస్తకంతో కలవడం లేదు.

ప్రశ్న పాఠాన్ని మళ్ళీ చదవాలి. కోనేర్లు గుడికీ గుడికీ మధ్యలోనే, అంటే రెండే ఉంటే, మొదటి గుడికి ముందు రెట్టింపు జరగదు; అప్పుడు 4త = 7స అవుతుంది, తెచ్చినవి 7, సమర్పించినవి 4. కోనేరు మూడు రెట్లు చేసేదైతే 27త = 13స, జవాబు 13, 27. పాత పద్ధతిలోనే గుళ్ళు నాలుగైతే 15, 16.