లివర్ సీటీ చదవడం – 5వ పాఠం: అయోర్టాను చూశారా?

పోయిన పాఠంలో లివర్‌లో గడ్డ ఉన్న ఒక సీటీ కేసు ఇచ్చి, అదేంటో చెప్పమన్నాను. మీలో చాలామంది "హెమాంజియోమా (క్యాన్సర్ కాని రక్తనాళాల గడ్డ), ఆర్నెల్లకు మళ్ళీ స్కాన్" అని రాశారు. అది యాంజియోసార్కోమా, అంటే రక్తనాళాల్లో పుట్టే క్యాన్సర్. ఆర్నెల్లు ఆగేంత టైమ్ ఆ జబ్బు చాలామందికి ఇవ్వదు. అందుకే ఈసారి చెప్పాల్సిన ఎంఆర్ఐ పాఠం వాయిదా వేసి, ఈ రెంటికీ తేడా చూద్దాం.

ఫేజులంటే కాంట్రాస్ట్ మందు ఎక్కించాక వరసగా తీసే ఆర్టీరియల్, పోర్టల్, డిలేడ్ స్కాన్‌లు; వాటి టైమింగులు మళ్ళీ చెప్పను. ఆ మందు గడ్డ అంచు నుంచి లోపలికి నిండుతోందని అందరూ గమనించారు, బాగుంది. కానీ యాంజియోసార్కోమా కూడా అలా నిండొచ్చు. హెమాంజియోమాలో ఉండేది మెల్లగా కదిలే మామూలు రక్తమే. కాబట్టి వెలిగిన భాగం ఏ ఫేజులోనైనా అదే ఫేజులోని అయోర్టాతో (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) దాదాపు సమానంగా ఉండాలి. కంటితో అంచనా వేయొద్దు, కర్సర్ పెట్టి కొలవండి. పోర్టల్ ఫేజులో అయోర్టా 150 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో వెలుగు కొలత) ఉంటే ఇదీ ఆ చుట్టుపక్కలే ఉండాలి. ఐదు నిమిషాలకు అయోర్టా 105కి దిగితే ఇదీ దానితోపాటే దిగాలి. పోర్టల్‌లోనే 95 దగ్గర ఆగిపోయిందా, రిపోర్టులో హెమాంజియోమా అని ఖాయం చేయకండి. గడ్డను పక్కనున్న లివర్‌తో పోల్చి "బాగా వెలిగింది" అని రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డిలేడ్ ఫేజు గడ్డను ఆర్టీరియల్ ఫేజు అయోర్టాతో పోల్చినవాళ్ళూ ఉన్నారు!

మన కేసులో స్ప్లీన్‌లోనూ గడ్డలున్నాయి, ప్లేట్‌లెట్లు తక్కువ. హెమాంజియోమా అని రాయకుండా అవైనా మిమ్మల్ని ఆపాల్సింది. ఇలాంటి గడ్డలో సూది గుచ్చితే రక్తం ఆగకపోవచ్చు. అందుకే బయాప్సీకి (పరీక్షకు ముక్క తీయడానికి) ముందు కోయాగులేషన్, అంటే రక్తం గడ్డకట్టే తీరు, చూసుకోవాలి, వీలైతే మెడ సిర గుండా వెళ్ళడం నాకిష్టం.

గడ్డలు లివర్ అంచున చేరి, పైన క్యాప్సూల్ (లివర్ పైపొర) లోపలికి లాగినట్టుంటే ఎపిథెలియాయిడ్ హెమాంజియోఎండోథీలియోమా అనే మరో రక్తనాళపు క్యాన్సర్ గుర్తు రావాలి. బయాప్సీ ముక్కకు చేసే సీడీ31, ఈఆర్‌జీ పరీక్షలు రక్తనాళపు గడ్డ అని మాత్రమే చెబుతాయి, ఈ జబ్బును పట్టిచ్చే క్యామ్టా1 పరీక్ష కూడా అడగండి. ఈ పేరు తేల్చడం ముఖ్యం. దీనికి గడ్డలు చాలా ఉన్నా లివర్ మార్పిడి చేయొచ్చు. యాంజియోసార్కోమాకు మార్పిడి చేయకూడదు, త్వరగా తిరగబెడుతుంది. ఒక్కటే ఉండి కోయగలిగితే సర్జరీ, పగిలి రక్తం కారుతుంటే ముందు ఎంబొలైజేషన్ (ఆ రక్తనాళాన్ని లోపలి నుంచి మూసేయడం). ఇక నిజమైన హెమాంజియోమా, ఇబ్బంది పెట్టకపోతే దాని జోలికి పోకండి.

పసిపిల్లల్లో వచ్చే హెమాంజియోమా వేరే కథ. ప్రొప్రనలాల్ (మందు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) అని రాసి పెట్టుకోండి, తర్వాత చూద్దాం.

అభ్యాసం: హెమాంజియోమా అని రిపోర్టయిన 20 పాత సీటీలు తీయండి. మూడు ఫేజుల్లోనూ గడ్డ, అయోర్టా అంకెలు పట్టికలో రాయండి. అయోర్టా గోడలో కాల్షియం ఉంటే దాన్ని తప్పించి కొలవండి. అంకెలు కలవని కేసు దొరికితే నాకు పంపే ముందు మీ కన్సల్టెంట్‌కు చూపించండి.