పగలు కమ్యూనిటీ హాలు, రాత్రి నిద్ర చోటు: కట్టేముందు చూసుకోవాల్సినవి

హాలు ప్లాను గీయించే ముందు ఒక రాత్రి పదకొండు దాటాక బయటికెళ్లి, షాపుల షట్టర్ల ముందు పడుకున్నవాళ్లతో మాట్లాడండి. మా హైదరాబాద్‌లో వాళ్లలో చాలామంది కష్టపడి పనిచేసుకునేవాళ్లే. అడ్డా కూలీలు తెల్లారకముందే లేచిపోతారు. క్యాటరింగ్‌లో వడ్డించేవాళ్లు అర్ధరాత్రి దాటితే గానీ రారు. పెద్దాసుపత్రుల దగ్గరైతే పేషెంట్ల బంధువులు కూడా ఉంటారు. పదింటికే గేటుకు తాళం పడితే ఆ హాలు వీళ్లెవరికీ పనికిరాదు. అందుకే మెయిన్ గేటుతో సంబంధం లేకుండా పక్కన ఇంకో తలుపు, అక్కడ రాత్రి ఉండే మనిషి కావాలి.

నేను మున్సిపల్ ఇంజనీరుగా రిటైరయ్యాను. సలహా అడిగిన ప్రతి కాలనీ సంఘానికీ ముందు చెప్పేది ఇదే: మొత్తం హాలును బుకింగ్‌కు పెట్టకండి. ముందు గదిలో పగలు ట్యూషన్లు, కుట్టు క్లాసులు, మీటింగులు జరుపుకోండి, రాత్రి చాపలు పరవండి. వెనక గదులు మాత్రం ఎప్పుడూ పడుకునేవాళ్లవే. శ్రీమంతానికైనా, ఎలక్షన్ మీటింగుకైనా వాటిని ఇవ్వకూడదు. ముందు గది బుక్కయిన రాత్రి కూడా అందరికీ చోటు దొరికేంత పెద్దవిగా వాటిని కట్టండి. "ఈ ఒక్క రాత్రికి సర్దుకోండి" అనడం మొదలైతే, మాఘమాసం ముహూర్తాలు అయిపోయేసరికి వాళ్లు మళ్లీ ఫుట్‌పాత్ మీద ఉంటారు.

2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో షెల్టర్‌లో మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలని ఉండేది. అంటే వెయ్యి అడుగుల గదిలో 20 మందే. ఆడవాళ్లకు లోపలి గడియ ఉన్న వేరే గది, దానికి ఆనుకునే బాత్రూమ్ తప్పనిసరి. ఇందులో రాజీ పడొద్దు.

మిగతా టాయిలెట్ల తలుపులు వరండా వైపు తెరుచుకోవాలి. అప్పుడు లోపల ఫంక్షన్ జరుగుతున్నా ఎవరైనా వాడుకోవచ్చు. కాలనీవాళ్లకు ఒకటి, పడుకునేవాళ్లకొకటి అని విడగొట్టకండి. అందరూ వాడేదైతేనే రోజూ కడిగిస్తారు. ఇది ఉద్యోగంలో నా కళ్లతో చూసిన సంగతి.

అన్నిటికన్నా ముఖ్యం లాకర్లు. ఆధార్, రేషన్ కార్డు, మందుల చీటీ, ఒక జత బట్టలు: రోడ్డు మీద పడుకునేవాళ్లు ఇవన్నీ సంచీలో పెట్టుకుని తలకింద దాచుకుంటారు. ఒక్క వానకు అవి తడిసిపోతే పింఛను దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా అన్నీ ఆగిపోతాయి. గోడకు బిగించిన ఇనుప లాకర్లు పెట్టి, తాళంచెవి వాళ్ల చేతికే ఇవ్వండి. పక్కనే ఫోను చార్జింగ్ పాయింట్లు ఉండాలి. చాపలు, దుప్పట్లు పెట్టే అల్మారాకు జాలీ తలుపులు పెట్టిస్తే ముక్కవాసన రాదు. పెరట్లో ఎండ తగిలేచోట బట్టలుతికే బండ, దండెం వేయించండి.

వరండాలో పొడవాటి అరుగు కట్టించండి. దాని మధ్యలో ఇనుప కమ్మీలు పెట్టకండి, అవి మనిషిని నడుం వాల్చనీయకుండా పెట్టేవి. పొద్దున అక్కడే కాలనీ పెద్దలు పేపరు చదువుకుంటారు, మధ్యాహ్నం పని దొరకనివాళ్లు కూర్చుంటారు. ఒకరి మొహం ఒకరికి అలవాటైతే కాలనీవాళ్ల భయం చాలావరకు పోతుంది.

నిర్వహణ కమిటీలో అక్కడ పడుకునేవాళ్లలోంచి కనీసం ఇద్దరిని, అందులో ఒక ఆడమనిషిని వేయండి. మీటింగ్ రాత్రి తొమ్మిదికి పెట్టండి, పగలు పెడితే వాళ్లకు ఆ రోజు కూలి పోతుంది. రిజిస్టర్లో పేరు రాసుకోండి చాలు, ఆధార్ లేదని ఎవరినీ వెనక్కి పంపొద్దు.